నాలుక కింద గోలీ

2022 ఆగస్టులో ఒక ఆదివారం వాన తెరిపిచ్చింది. తమ్ముడి పరుపు కాసేపు ఎండలో వేద్దామని లేపాను. కింద నుంచి ఒక ఇన్సులిన్ సిరంజి దొర్లిపడింది. మా ఇంట్లో ఎవరికీ షుగర్ లేదు. గోడకు ఆనించి చిన్న సెలైన్ సీసా ఉంది, ఖాళీ మాత్రల షీట్లు ఎనిమిదో తొమ్మిదో ఉన్నాయి. షీటు మీది పేరు ఫోన్‌లో వెతికాను. టపెంటడాల్, నొప్పికి వాడే మందు. నొప్పి మాత్రకు సిరంజి ఎందుకో నాకు వెంటనే తట్టలేదు. తట్టాక అక్కడే నేల మీద కూలబడ్డాను.

మాది జనగామ దగ్గర ఒక ఊరు. బాపు ఆర్టీసీలో కండక్టర్‌గా చేసి రిటైరయ్యాడు. నేను మా ఆయనతో ఉప్పల్‌లో ఉంటూ ఒక ప్రైవేట్ స్కూల్లో లెక్కలు చెబుతాను. తమ్ముడు డిగ్రీ అయ్యాక నా దగ్గరే ఉండి ఫుడ్ డెలివరీ పని చేసుకునేవాడు. అప్పటికి వాడి వయసు 23. ఏడాదిన్నర ముందు బైక్ స్కిడ్ అయి భుజం దగ్గర ఎముక విరిగింది. డాక్టర్ పది రోజులకు ఈ మాత్రలు రాశాడు. పదకొండో రోజు వాడే మెడికల్ షాపుకు వెళ్లి అడిగితే చీటీ చూపించమనకుండానే ఇచ్చారు. ఆ తర్వాత కూడా ఇస్తూనే పోయారు. "నొప్పి పోయింది అక్కా. కానీ ఆ గోలీ వేసుకుంటే మనసు నిమ్మళంగా ఉండేది, అది పోతదేమోనని భయమైంది" అని చాలా నెలల తర్వాత చెప్పాడు. మాత్రను నూరి, సెలైన్‌లో కలిపి, నరానికి ఎక్కించుకోవడం నేర్పింది తోటి డెలివరీ కుర్రాడు. డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడని మందు ఇది. అయినా వాడికి ఏనాడూ దొరక్కుండా పోలేదు.

ఆ రోజు సాయంత్రం వాడు ఇంటికి రాగానే చెంప మీద కొట్టాను. తప్పని ఇప్పుడు తెలుసు. అప్పుడు మాత్రం కొడితే దిగిపోతుందనుకున్నాను. బాపుకు ఫోన్ చేస్తే రాత్రికి రాత్రే అమ్మను తీసుకుని వచ్చాడు. మర్నాడు పెద్దనాన్న కూడా వచ్చి "పెండ్లి చెయ్యండి, దారిలకు వస్తడు" అన్నాడు. ఆ మాట మా బంధువుల్లో ముగ్గురి నోట విన్నాను. ఎవరి ఆడపిల్ల జీవితం పెట్టి వీడికి వైద్యం చేయాలో ఎవరూ చెప్పలేదు. అమ్మ కొమురవెల్లి మల్లన్నకు మొక్కుకుంది. బాపు ఏమీ మాట్లాడకుండా వాడి గదికి బయట గొళ్లెం పెట్టాడు.

మూడు రోజులు అలా ఉంచాం. మొదటి రోజు ఆవులింతలు, ముక్కు కారడం. జలుబేమో అనుకున్నాం. రెండో రోజుకు కాళ్లు గుంజి నిలబడలేకపోయాడు. వాంతులు, విరేచనాలు. ఒళ్లంతా కోడి ఈకలు పీకిన చర్మంలా గగుర్పొడిచి ఉండేది. రెండు దుప్పట్లు కప్పితే చెమట, తీస్తే వణుకు. రాత్రుళ్లు నిద్ర లేదు, మాకూ లేదు. నాటకాలు ఆడుతున్నాడని బాపు అన్నాడు. నేనూ సగం నమ్మాను. నాలుగో రోజు తెల్లవారుజామున బాత్రూంకు వెళ్తానని వంటగది బాల్కనీ దిగి పారిపోయాడు. సాయంత్రం తిరిగొచ్చేసరికి మామూలుగా ఉన్నాడు. ఎందుకు మామూలుగా ఉన్నాడో చెప్పనక్కర లేదు.

అప్పుడు ఒకరు చెబితే సిటీ శివార్లలో ఉన్న ఒక ప్రైవేట్ డీ-అడిక్షన్ సెంటర్‌కు ఫోన్ చేశాం. నెలకు 15 వేలు, మూడు నెలల డబ్బు ముందే కట్టాలి. రాత్రి పదకొండింటికి నలుగురు మనుషులు కారులో వచ్చి, నిద్రలో ఉన్నవాణ్ని చేతులు పట్టుకుని తీసుకెళ్లారు. "అక్కా, అక్కా" అని మెట్ల మీద వాడు పెట్టిన కేక ఇప్పటికీ నాకు నిద్రలో వినిపిస్తుంది. వాళ్లిచ్చిన కాగితం చదవకుండానే సంతకం పెట్టాను. తొంభై రోజులు ఫోన్ లేదు, చూడనివ్వలేదు. అక్కడ డాక్టర్ లేడు, మందు లేదు. మొదటి వారమంతా కిటికీ చువ్వకు గొలుసుతో కట్టి ఉంచారు. నేల తుడిపించారు, ఎదురు మాట్లాడితే ప్లాస్టిక్ పైపుతో కొట్టారు. ఇవన్నీ వాడు బయటికొచ్చాక ఒక్కొక్కటిగా చెప్పాడు. వీపు మీది చారలు మాత్రం మొదటి రోజే చూశాను.

ఆ కాగితం చదవనందుకు నన్ను నేను క్షమించుకోలేను. అందుకే ఇక్కడ కాస్త వివరంగా చెబుతాను. 2017 మెంటల్ హెల్త్‌కేర్ చట్టం మత్తు పదార్థాల వల్ల వచ్చే మానసిక స్థితిని కూడా మానసిక అనారోగ్యంలోనే లెక్కగట్టింది. ఇలాంటి రోగుల్ని చేర్చుకునే సెంటర్‌కు రాష్ట్ర మెంటల్ హెల్త్ అథారిటీ దగ్గర రిజిస్ట్రేషన్ ఉండాలి. మనిషి తనంతట తాను ఒప్పుకోలేని స్థితిలో చేర్చాలంటే ఇద్దరు నిపుణులు విడివిడిగా పరీక్షించి రాయాలి, వాళ్లలో ఒకరు సైకియాట్రిస్ట్ అయి తీరాలి. అలా చేర్చినా మొదట 30 రోజులకు మించి ఉంచకూడదు. గొలుసులతో కట్టడం పూర్తిగా నిషేధం. ఇందులో ఒక్కటి కూడా మాకు అప్పుడు తెలియదు. డబ్బు కట్టే ముందు రిజిస్ట్రేషన్ నంబర్ ఎంత, రోజూ వచ్చే డాక్టర్ ఎవరు, మేం ఎప్పుడెప్పుడు చూడొచ్చు అని అడిగి ఉంటే చాలు. జవాబు చెప్పడానికి నసిగేవాళ్ల దగ్గర మీ పిల్లవాణ్ని వదిలి రాకండి.

డిసెంబర్ మొదట్లో ఇంటికొచ్చాడు. ఎనిమిది కిలోలు తగ్గాడు గాని మొహంలో తేట ఉంది. అమ్మ బూరెలు చేసింది. ఇక అయిపోయిందనుకున్నాం.

ఐదో రోజు సాయంత్రం బాత్రూంలోకి వెళ్లినవాడు ఎంతకీ రాలేదు. తలుపుకు చెవి పెడితే గురక వినిపించింది. నీళ్లలో నుంచి వచ్చినట్టు గరగరమనే గురక. నిద్రపోయాడేమో అనుకుని ఒక నిమిషం ఆగాను. ఆ ఒక్క నిమిషం ఆగినందుకు ఇప్పటికీ బాధపడతాను. పక్కింటి వాళ్లబ్బాయి వచ్చి గొళ్లెం విరగ్గొట్టాడు. పెదవులు నీలంగా ఉన్నాయి, గోళ్లు నీలంగా ఉన్నాయి, పిలిస్తే పలకడు. పక్కకు తిప్పి పట్టుకుని ఆటోలో దగ్గరున్న ఆసుపత్రికి తీసుకెళ్లాం. క్యాజువాలిటీలో డ్యూటీ డాక్టరమ్మ కనురెప్ప ఎత్తి టార్చ్ వేసింది. కంటిపాప గుండుసూది మొనంత ఉంది. వెంటనే ఆక్సిజన్ పెట్టి, ఈ మత్తుకు విరుగుడైన నలోక్సోన్ ఇంజెక్షన్ ఇచ్చారు. రెండు మూడు నిమిషాల్లో దగ్గి, కళ్లు తెరిచి, చుట్టూ చూశాడు. వాడు మళ్లీ పుట్టడం కళ్లారా చూశానంటే అతిశయోక్తి కాదు.

లేచాడు కదా ఇంటికి తీసుకెళ్తామంటే ఆమె ఒప్పుకోలేదు. "ఈ ఇంజెక్షన్ బలం గంటో గంటన్నరో. లోపలున్న మత్తు అంతకన్నా ఎక్కువసేపు ఉంటుంది. మళ్లీ ఊపిరి ఆగొచ్చు. రాత్రంతా చూడాలి" అంది. తర్వాత నన్ను పక్కకు పిలిచి "ఈ మధ్య మానేశాడా?" అని అడిగింది. మూడు నెలలు ముట్టలేదు మేడమ్, సెంటర్‌లో పెట్టించాం అని నేను కాస్త గర్వంగానే చెప్పాను. ఆమె తల అడ్డంగా ఊపింది. "అందుకేనమ్మా ఇలా అయింది. రోజూ తీసుకునేవాళ్ల శరీరం ఆ మోతాదుకు అలవాటు పడి ఉంటుంది. కొన్నాళ్లు ఆపితే ఆ ఓర్పు పోతుంది. కోరిక మాత్రం పోదు. బయటికొచ్చి పాత మోతాదే తీసుకుంటారు. శ్వాస ఆగిపోతుంది. జైలు నుంచి వచ్చినా, సెంటర్ నుంచి వచ్చినా, మొదటి కొన్ని రోజులే అన్నిటికన్నా ప్రమాదం."

అప్పటిదాకా నేను ఒక్క మాట చుట్టే తిరిగాను. మానిపించాలి, ఎలాగైనా మానిపించాలి. మానిపించినందువల్లే వాడు చావు అంచు దాకా వెళ్లాడని ఆ రాత్రి క్యాజువాలిటీ బల్ల మీద కూర్చున్నప్పుడు అర్థమైంది. ముందు వాణ్ని బతికించుకోవాలి. మానడం సంగతి ఆ తర్వాత.

ఆ డాక్టరమ్మే ప్రభుత్వాసుపత్రి సైకియాట్రీ విభాగానికి చీటీ రాసిచ్చింది. 14446 నంబర్‌కు కూడా చేశాను. అది కేంద్ర సామాజిక న్యాయ శాఖ నడిపే డీ-అడిక్షన్ హెల్ప్‌లైన్. ఫోన్ ఎత్తినావిడ పేరు అడగలేదు, ఎక్కడ ఉంటారు, ఏం వాడుతున్నాడు, సూదితోనా అని మాత్రమే అడిగింది. నాకు అప్పటికి నాలుగు నెలలుగా ఎవరితోనూ ఇంత మామూలుగా మాట్లాడిన గుర్తు లేదు.

జనవరి మొదటి వారంలో ఓపీకి వెళ్లాం. అన్నీ విని డాక్టర్ "పొద్దున ఏమైనా తీసుకున్నావా?" అని తమ్ముణ్ని అడిగాడు. వాడు నిజమే చెప్పాడు, ఆరింటికి తీసుకున్నానని. "అయితే ఈరోజు మొదలుపెట్టలేం. రాత్రి నుంచి ఏమీ తీసుకోకుండా రేపు రా. ఒళ్లు నొప్పులు, ఆవులింతలు మొదలైతేనే ఇస్తాను" అన్నాడు. నాకు కోపమొచ్చింది. బాధ పడమని చెప్పి పంపిస్తారా? డాక్టర్ ఓపిగ్గా చెప్పాడు. ఇవ్వబోయే మందు పేరు బ్యుప్రెనార్ఫిన్. ఇదీ నల్లమందు, టపెంటడాల్ లాగా మెదడులో అవే చోట్ల పనిచేస్తుంది, కానీ సగమే పనిచేస్తుంది. పట్టు మాత్రం చాలా గట్టిది. లోపల ఇంకా పాత మత్తు ఉండగా ఇది ఇస్తే దాన్ని ఒక్కసారిగా నెట్టేసి తాను కూర్చుంటుంది. అప్పుడు మూడు రోజుల బాధ కాసేపట్లోనే మీద పడుతుంది. అందుకే కనీసం పన్నెండు గంటలైనా ఆగాలి, కొన్ని మందులకు ఇంకా ఎక్కువ.

ఆ రాత్రి నేనూ తమ్ముడూ హాల్లో చాప వేసుకుని కూర్చున్నాం. ఆగస్టులో గొళ్లెం పెట్టినప్పుడు చూసిన బాధే మళ్లీ మొదలైంది. ఈసారి తలుపు తీసే ఉంది. "పొద్దున తొమ్మిదింటికల్లా మందు ఉంటది కదక్కా" అని గంటకోసారి అడిగాడు. ఉంటుందిరా అన్నాను. కాళ్లు పిసికాను. వాడు పారిపోలేదు.

పొద్దున నర్సమ్మ నాడి లెక్కబెట్టింది, కంటిపాప చూసింది, చేతి మీద రోమాలు నిక్కబొడుచుకున్నాయా అని చూసి కాగితం మీద అంకెలు వేసింది. మొదట 2 మిల్లీగ్రాములు. మాత్రను పొడి చేసి నాలుక కింద వేసింది. ఎనిమిది పది నిమిషాలు నోరు మూసుకుని ఉండాలి. మాట్లాడకూడదు, ఉమ్మి మింగకూడదు, నీళ్లు తాగకూడదు. మింగితే మందు చాలావరకు వృథా. నాలుక కింద నుంచే ఒంట్లోకి పోవాలి. అది కరిగేదాకా అక్కడే ఆమె ఎదురుగా కూర్చోవాలి. గంట తర్వాత ఇంకో 2 ఇచ్చారు. పదకొండు దాటాక తమ్ముడు నా వైపు తిరిగి "అక్కా, ఆకలైతుంది" అన్నాడు. నేను బయటికి పరిగెత్తి ఇడ్లీ తెచ్చాను. నాలుగు తిన్నాడు. వాడు నిద్రమత్తుగా లేడు, తూలడం లేదు, కళ్లు మామూలుగా ఉన్నాయి. రెండేళ్లలో మొదటిసారి మా తమ్ముడు నాకు కనిపించాడు. వారం తిరిగేసరికి రోజుకు 8 మిల్లీగ్రాముల దగ్గర కుదురుకుంది.

ఇంట్లో గొడవ అప్పుడు మొదలైంది. "గవర్నమెంటే మత్తు గోలీలు ఇస్తదా బిడ్డా? ఒకటి ఇడిసి ఇంకోటి పట్టుకునుడు ఇదేం వైద్యం?" అని బాపు అడిగాడు. నిజానికి అది నా ప్రశ్న కూడా. డాక్టర్‌ను అదే మాటల్లో అడిగాను. ఆయన చెప్పింది నా మాటల్లో చెబుతాను. టపెంటడాల్ ఎక్కించుకుంటే గబుక్కున ఎక్కుతుంది, నాలుగైదు గంటల్లో దిగుతుంది. దిగగానే మళ్లీ కావాలి. రోజంతా దాన్ని వెతకడం, కొనడం, దాచడం, అబద్ధం చెప్పడం. ఈ మందు నాలుక కింద నుంచి మెల్లగా వెళ్లి ఒక రోజంతా ఒకే తీరున ఉంటుంది. ఎక్కడమూ లేదు, దిగడమూ లేదు. ఒక హద్దు దాటాక మోతాదు పెంచినా ఊపిరి మీద దాని ప్రభావం పెరగదు. కాబట్టి విడిగా ఇది ప్రాణం తీయడం అరుదు. మద్యం, నిద్రమాత్రలు కలిస్తే మాత్రం ప్రమాదమే. దాన్ని మాకు మూడుసార్లు చెప్పారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ తన అత్యావశ్యక మందుల జాబితాలో 2005లోనే దీన్ని చేర్చింది. ఎన్నాళ్లు వాడాలంటే ఏడాది తక్కువ కాకుండా, కొందరికి ఏళ్ల తరబడి. తొందరపడి ఆపితే మళ్లీ ఆ బాత్రూం తలుపు దగ్గరికే చేరతాం. ఈ మాట ఆయన అనలేదు, నేను అనుకున్నాను. ఇప్పటికి రెండున్నరేళ్లు దాటింది, తమ్ముడు ఇంకా వాడుతున్నాడు, 4 మిల్లీగ్రాములకు తగ్గింది. అందుకు నాకు ఇప్పుడు సిగ్గు లేదు.

బాపుకు మాత్రం మింగుడు పడలేదు. దవాఖానకు నేను రాను అన్నాడు. చాలా నెలలు రాలేదు.

క్లినిక్‌లో కౌన్సెలర్ గది పక్కన ఒక బెంచీ ఉండేది. అక్కడికి అప్పుడప్పుడు ఒక నడి వయసు మనిషి వచ్చేవాడు. మోచేతుల నుంచి మణికట్టు దాకా పాత మచ్చలు. ఒకప్పుడు ఆయనా సూదితో వాడినవాడే. ఇప్పుడు జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ వాళ్ల కార్యక్రమం కింద బస్తీల్లో తిరిగి ఇంకా మానని కుర్రాళ్లను కలుస్తాడు. ఆయన సంచిలో కొత్త సిరంజిలు, స్పిరిట్ దూది, కండోమ్‌లు ఉంటాయి. వాడిన సిరంజి తీసుకుని కొత్తది ఇస్తాడు. అది తెలిసిన రోజు నేను ఆయన మీద అరిచాను. మా ఇల్లు కూలిపోయింది సూది వల్ల, మీరే పంచిపెడతారా అని.

ఆయన కోపగించుకోలేదు. "తల్లీ, నేనివ్వకపోతే వాళ్లు మానరు. ఒకరిది ఇంకొకరు తీసుకుంటరు" అన్నాడు. కౌన్సెలర్ మణిపూర్ సంగతి చెప్పింది. 1989, 90ల్లో అక్కడ సూదులు పంచుకున్న కుర్రాళ్లలో చూస్తుండగానే హెచ్ఐవీ పాకిపోయింది. వాళ్ల నుంచి భార్యలకు, పుట్టిన పిల్లలకు వచ్చింది. కొత్త సిరంజి ఇవ్వడమనే పద్ధతి మన దేశంలో ఇలాంటి చావుల నుంచే నేర్చుకున్నారు. సిరంజి కోసం వచ్చినవాడితో మాట కలుస్తుంది. చెయ్యి వాచితే చూపిస్తాడు. ఆరు నెలలకో ఏడాదికో "నాకూ ఆ మాత్ర ఇప్పిస్తారా" అని తనే అడుగుతాడు. ఆయన కూడా అలా వచ్చినవాడే.

నేను విన్నాను గాని పూర్తిగా నమ్మలేదు. ఆ వారమే తమ్ముడి రక్త పరీక్షలు వచ్చాయి. హెచ్ఐవీ లేదు. హెపటైటిస్ సీ ఉంది. ఇద్దరు స్నేహితులతో, నాలుగైదు సార్లు మాత్రమే సిరంజి పంచుకున్నానని, అదీ అర్ధరాత్రి కొత్తది దొరకనప్పుడేనని వాడు చెప్పాడు. అర్ధరాత్రి కొత్తది దొరకనప్పుడు. ఆ మాట విన్నాక ఆ సంచి మనిషికి ఎదురుపడి క్షమించమని అడిగాను. "మా అమ్మ కూడా అట్లనే తిట్టేది" అని నవ్వాడు.

హెపటైటిస్ సీకి మందు ఉందని, పూర్తిగా నయమవుతుందని నాకు తెలియదు. 2018లో మొదలైన జాతీయ కార్యక్రమం కింద పరీక్షా, మందులూ ఉచితం. సోఫోస్బువిర్, డక్లాటాస్విర్, రోజుకొకసారి, 12 వారాలు. అవి అయిపోయాక ఇంకో 12 వారాలకు మళ్లీ పరీక్ష చేస్తే వైరస్ లేదని వచ్చింది. లివర్ చెడిపోయేదాకా తెలియకుండా ఉండిపోయే జబ్బు ఇది. సూది వాడిన ప్రతి ఒక్కరూ, ఒక్కసారే వాడినా సరే, ఈ పరీక్ష చేయించుకోవాలి.

ఇదంతా నడుస్తుండగా ఫిబ్రవరిలో పోలీసుల నుంచి ఫోన్. తమ్ముడి పాత స్నేహితుడు గంజాయితో పట్టుబడ్డాడు, వాడి ఫోన్‌లో మావాడి నంబర్ ఉంది. పిలిపించి యూరిన్ టెస్ట్ చేశారు. గంజాయి వాడినట్టు తేలింది. సూది మానాడు గాని నిద్ర కోసం అప్పుడప్పుడు తాగేవాణ్నని ఒప్పుకున్నాడు. ఇంట్లో మళ్లీ టెన్షన్. మా వీధిలో ఉండే వకీలు గారు కాగితం మీద రాసి చెప్పారు. మత్తు మందులకు సంబంధించిన ఎన్‌డీపీఎస్ చట్టంలో 27వ సెక్షన్ వాడకానికి శిక్ష. హెరాయిన్, కొకైన్ లాంటివైతే ఏడాది దాకా జైలు లేదా 20 వేల దాకా జరిమానా, లేదంటే రెండూ. గంజాయి లాంటివైతే అదే తీరున ఆరు నెలల దాకా, 10 వేల దాకా. అయితే అదే చట్టంలో 64ఏ అనే సెక్షన్ ఉంది. వ్యసనపరుడు తనంతట తానే ప్రభుత్వ ఆసుపత్రిలోనో, ప్రభుత్వ గుర్తింపు ఉన్న సంస్థలోనో వైద్యానికి సిద్ధపడి ఆ వైద్యం చేయించుకుంటే, వాడకం కేసులో, కొద్ది పరిమాణం కేసులో ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ ఉంటుంది. మధ్యలో మానేస్తే ఆ రక్షణ తీసేయవచ్చు. ఓపీ కార్డు, రోజూ మందు తీసుకున్నట్టు నర్సమ్మ వేసిన సంతకాలు, డాక్టర్ సర్టిఫికెట్ అన్నీ జతచేసి కోర్టులో పిటిషన్ వేశాం. కేసు అక్కడితో ఆగింది.

ఈ సెక్షన్ గురించి గోడ మీద బోర్డు రాసి ప్రతి క్లినిక్‌లో, ప్రతి పోలీస్ స్టేషన్‌లో పెట్టాలని నా కోరిక. ఆగస్టులోనే నేను ప్రభుత్వాసుపత్రికి ఎందుకు వెళ్లలేదో తెలుసా? పేరు రాసుకుంటారు, పోలీసులకు చెబుతారు, వాడి జీవితం పోతుందని. ఆ భయం వల్లే పైపు దెబ్బల సెంటర్‌కు 45 వేలు కట్టాను. అమ్మేవాణ్ని పట్టుకోండి, గట్టిగా పట్టుకోండి. చీటీ లేకుండా నా తమ్ముడికి మందు అమ్మిన షాపు మీద నాకు ఈరోజుకీ కోపమే. కానీ వాడేవాణ్ని భయపెడితే వాడు మానడు, దాక్కుంటాడు. గొళ్లెం వేసిన బాత్రూంలో దాక్కుంటాడు.

రోజూ వెళ్లి మందు తీసుకోవడం తేలిక కాదు. ఓపీ పొద్దున తొమ్మిది నుంచి పన్నెండు. ఇంటి నుంచి గంటంబావు ప్రయాణం. ఆ టైముకు ఏ ఉద్యోగం కుదురుతుంది? మొదటి నాలుగు నెలలు వాడికి పని లేదు. నా జీతంతోనే నడిచింది. వరంగల్ వైపు నుంచి తెల్లవారుజాము బస్సెక్కి వచ్చే ఒకతను రెండు నెలలకే రావడం మానేశాడు. తర్వాత ఏమయ్యాడో తెలియదు. ఎయిమ్స్ చేసిన జాతీయ సర్వే 2019లో బయటికొచ్చింది. దేశంలో ఇలాంటి నల్లమందు జాతి మత్తు వల్ల సాయం అవసరమైన వాళ్లు దాదాపు 77 లక్షలు, సూదితో తీసుకునేవాళ్లు దాదాపు 8.5 లక్షలు అని అందులో ఉంది. పంజాబ్‌లో 2017 నుంచి ఊళ్లకు దగ్గరగా ఇదే మందు ఇచ్చే ఓపీ క్లినిక్‌లు పెట్టారు. కోవిడ్ సమయంలో ఇంటికి కూడా ఇచ్చి పంపారు. మన జిల్లా కేంద్రాల్లో, సాయంత్రం ఆరు తర్వాత కూడా తెరిచి ఉండే క్లినిక్ ఒక్కొక్కటైనా ఉంటే ఆ వరంగల్ అబ్బాయి ఇంకా వచ్చేవాడు. మా తమ్ముడు కుదురుకున్నాక, సూదితో ఎక్కించుకోకుండా నలోక్సోన్ కలిపిన మాత్రలు కొద్ది రోజులకు సరిపడా ఇంటికి ఇవ్వడం మొదలుపెట్టారు. అప్పుడు ఒక గోడౌన్‌లో పని దొరికింది.

అక్టోబర్‌లో దసరాకు ఊరికెళ్లాడు. తొమ్మిది రోజులు. బంధువుల ముందు నాలుక కింద మాత్ర పెట్టుకుని మౌనంగా కూర్చోవడం సిగ్గనిపించి, మాత్రలు నా బీరువాలోనే వదిలి వెళ్లాడు. నాకు తెలియదు. తిరుగు ప్రయాణంలో ఉప్పల్ రింగ్‌రోడ్డు దగ్గర దిగి పాత స్నేహితుణ్ని కలిశాడు. రాత్రి పదిన్నరకు నా ఫోన్ మోగింది. "అక్కా, తీసుకున్నా. సగమే తీసుకున్నా. ఒక్కణ్నే ఉన్నా. నువ్వొచ్చేదాక ఫోన్ పెట్టకు, నాతోని మాట్లాడుతనే ఉండు."

ఆ వాక్యాలు వాడివి కావు. ఆ సంచి మనిషి వారం వారం చెప్పినవి. ఒంటరిగా తీసుకోకండి, గ్యాప్ వచ్చాక పాత మోతాదు తీసుకోకండి, ఎవరికో ఒకరికి చెప్పండి. మా ఆయన బండి నడుపుతుంటే వెనక కూర్చుని దారంతా మాట్లాడాను. ఏం మాట్లాడానో గుర్తులేదు. చిన్నప్పటి బతుకమ్మ గురించి, వాడు చెరువులో జారిపడ్డ రోజు గురించి. బస్ స్టాప్‌లో ఒక మూల కూర్చుని ఉన్నాడు. పెదవులు మామూలు రంగులోనే ఉన్నాయి. ముందు అదే చూశాను. ఆ రాత్రంతా పక్కనే కూర్చుని శ్వాస లెక్కపెట్టాను.

బాపుకు నేనే ఫోన్ చేశాను. ఏమంటాడోనని భయపడుతూనే జరిగింది జరిగినట్టు చెప్పాను. అవతల చాలాసేపు మాట లేదు. "వాడే ఫోన్ చేసిండా?" అని ఒక్కటే అడిగాడు. వాడే చేశాడు అన్నాను.

మర్నాడు పొద్దున మేం క్లినిక్ చేరేసరికి గేటు దగ్గర బాపు నిలబడి ఉన్నాడు. జనగామ నుంచి మొదటి బస్సుకు వచ్చాడట. డాక్టర్ దగ్గర తమ్ముడు తల దించుకుని నిలబడ్డాడు. ఎందుకు తీసుకున్నావు అని ఆయన అడగలేదు. "ఎన్ని గంటలకు తీసుకున్నావు?" అని అడిగాడు. లెక్కవేసి, ఇంకో గంటన్నర ఆగుదాం, ఆవులింతలు మొదలవనీ, మళ్లీ 2 మిల్లీగ్రాములతో మొదలుపెడదాం అన్నాడు. ముగ్గురం బెంచీ మీద కూర్చున్నాం. బాపు మూడు చాయ్‌లు తెచ్చాడు.

టైమయ్యాక నర్సమ్మ మాత్ర పొడి చేసి నాలుక కింద వేసింది. తమ్ముడు నోరు మూసుకుని గోడకు ఆనుకున్నాడు. కళ్లలో నుంచి నీళ్లు కారుతున్నాయి, తుడుచుకోవడం లేదు. ఏదో చెప్పబోయి బాపు వైపు తిరిగాడు. బాపు వాడి మోకాలి మీద చెయ్యి వేసి, ఎదుటి గోడ మీది గడియారం చూసి, "ఇంకా నాలుగు నిమిషాలు. మాట్లాడకు బిడ్డా" అన్నాడు.